జిమ్నాస్టిక్స్: కనీస వయసు, వయసు మోసాలు

• పాలక సంస్థ: అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య (ఎఫ్‌ఐజీ). స్థాపన 1881.
• మహిళల సీనియర్ విభాగంలో కనీస వయసు: 1980 వరకు 14, 1981 నుంచి 15, 1997 నుంచి 16 ఏళ్లు.
• గుర్తుంచుకోండి: పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి ఆ వయసు నిండితే చాలు.
• ఉద్దేశం: ఎదిగే పిల్లల ఎముకలు, మనసు కాపాడటం.
• నాదియా కొమనేచి (రొమేనియా): 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలి 10.0, అప్పుడు వయసు 14.
• తప్పక చదవండి: డాంగ్ ఫాంగ్‌షియావో (చైనా). 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అసలు వయసు 14. 2010లో చైనా జట్టు కాంస్యం రద్దు. అది అమెరికాకు దక్కింది.
• హాంగ్ సు జాంగ్ (ఉత్తర కొరియా): మూడు వేర్వేరు జనన సంవత్సరాలు నమోదు. 2010లో ఆ దేశ సమాఖ్యపై నిషేధం.
• భారత్: క్రీడల్లో వయసు మోసాల నిరోధానికి జాతీయ నియమావళి, 2010.
• తెలుగు తేజం: బుడ్డా అరుణారెడ్డి (హైదరాబాద్). 2018 మెల్‌బోర్న్ ప్రపంచకప్, వాల్ట్‌లో కాంస్యం. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో వ్యక్తిగత పతకం నెగ్గిన తొలి భారతీయురాలు.