తోటలు పట్టణాలైన విధం



ఈ నెల పాఠాన్ని మీరు నివసించే చోటి పేరుతోనే ఆరంభిద్దాం. ఆ పేరు ‘తామాన్’ అనే మాటతో మొదలవుతున్నదా? మలయ్ భాషలో తామాన్ అంటే ఉద్యానవనం. మన దేశంలో కొత్తగా కట్టిన గృహసముదాయాలకు ఆ మాట చేర్చడం వాడుక. ఇప్పుడు సెలంగోర్ రాష్ట్రంలోని తమిళ పాఠశాలల పేర్లు చూడండి. వాటిలో చాలా పేర్లలో ‘లాడాంగ్’ అనే మాట ఉంటుంది. లాడాంగ్ అంటే తోట, అనగా ఎస్టేటు. కాని ఆ పాఠశాలల్లో కొన్నింటి చుట్టూ ఎంత వెదికినా తోట కనబడదు. మేడలు, రహదారులు, దుకాణాలు మాత్రమే కనబడతాయి. తోట లేని చోట తోట పేరు ఎలా మిగిలింది? ఈ పాఠంలో తెలుసుకోవలసినది అదే.

నేను పుట్టినది సెలంగోర్‌లోని ఒక రబ్బరు తోటలో. మా ఇల్లు ఉన్న చోట ఇప్పుడు ఒక పెద్ద అంగడి వారి కార్లు నిలిపే స్థలం ఉన్నది. కనుక ఈ పాఠంలో కొంత భాగం పుస్తకాలలో చదివినది, కొంత భాగం కంటితో చూసినది.

1. తోటలు వచ్చిన కాలం

రబ్బరు చెట్టు మన దేశపు చెట్టు కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని బ్రెజిల్. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు దాని విత్తనాలను లండన్ సమీపంలోని క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. మరుసటి సంవత్సరం కొన్ని మొక్కలు సింగపూరుకు వచ్చాయి. అక్కడి ఉద్యానవనాన్ని నడిపిన హెన్రీ రిడ్లీ, చెట్టుకు హాని కలగకుండా పాలు తీసే పద్ధతిని తీర్చిదిద్దాడు. మోటారు వాహనాలు పెరిగి రబ్బరుకు గిరాకీ వచ్చినప్పుడు మలయా అంతటా అడవులు నరికి తోటలు వేశారు. 1917లో సెలంగోర్‌లోని తెన్నమారం ఎస్టేటులో ఆన్రి ఫొకోనియే అనే ఫ్రెంచివాడు మన దేశంలో మొదటిసారిగా వ్యాపారం కోసం ఆయిల్ పామ్ నాటించాడు. తెన్నమారం అన్నది తమిళ పదం. దాని అర్థం కొబ్బరి చెట్టు. ఆ పేరు వింటేనే అక్కడ చెమటోడ్చినవారు ఎవరో తెలుస్తుంది.

తోటల పనికి కంగాణీలు దక్షిణ భారతదేశం నుండి మనుషులను తెచ్చారు. ఎక్కువమంది తమిళులు. ఉత్తరాంధ్ర నుండి వచ్చిన మన తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. ఒక సంగతి మరువకండి. తోట కూడా ఆదినుండి అక్కడ ఉన్నది కాదు. దానికి ముందు అడవి ఉండేది. ఒరాంగ్ అస్లీ ప్రజలకు ఆ అడవే ఇల్లు.

2. నగరం పెరిగిన క్రమం

కౌలాలంపూర్ 1857లో క్లాంగ్, గోంబాక్ నదులు కలిసే చోట, తగరం తవ్వేవారి విడిదిగా మొదలయింది. వంద సంవత్సరాలు గడిచేసరికి అక్కడ ఇళ్ళు చాలక జనం ఇరుకున పడ్డారు. 1950ల తొలి సంవత్సరాలలో నగరానికి పడమటగా ఉన్న ఎఫింగ్‌హామ్ రబ్బరు తోటలో కొత్త పట్టణం కట్టారు. అదే పెటాలింగ్ జయ. 1970లలో సీఫీల్డ్ తోట భూములలో సుబాంగ్ జయ వెలసింది. 1974లో కౌలాలంపూర్ సమాఖ్య ప్రాంతం కావడంతో సెలంగోర్‌కు వేరే రాజధాని కావలసివచ్చింది. ఒకప్పటి తోటల నేలపై కట్టిన షా ఆలం 1978లో రాజధాని అయింది. ప్రభుత్వ కార్యాలయాలున్న పుత్రజయ కూడా తోటే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైనికులు కొందరు అక్కడ తోట వేసి ‘ప్రాంగ్ బెసార్’, అనగా ‘మహాయుద్ధం’, అని పేరు పెట్టుకున్నారు. 1995లో అక్కడ నగర నిర్మాణం మొదలయింది.

కొన్ని పేర్లు తమ పుట్టుకను దాచుకుంటాయి. బంగ్సార్ అనే ధనికుల పేట పేరు బుంగే, గ్రిసార్ అనే ఇద్దరి పేర్లు కలిసిన ఒక రబ్బరు సంస్థ పేరు నుండి వచ్చింది.

3. యజమాని ఎందుకు అమ్ముతాడు?

రబ్బరు మొక్క నాటిన తరువాత పాలు తీయడానికి సుమారు 6 ఏళ్ళు పడుతుంది. 25, 30 ఏళ్ళు గడిచాక దిగుబడి తగ్గుతుంది. అప్పుడు పాత చెట్లు కొట్టివేసి కొత్తవి నాటాలి. మళ్ళీ 6 ఏళ్ళు రాబడి లేకుండా కాచుకోవాలి. యజమాని లెక్క వేసుకునేది అప్పుడే. రబ్బరు మళ్ళీ నాటాలా? సుమారు 3 ఏళ్ళకే కాపుకు వచ్చే ఆయిల్ పామ్ వేయాలా? లేక, నగరం పొలిమేర దాకా వచ్చింది కనుక ఇళ్ళు కట్టేవారికి అమ్మాలా?

1965 నాటి జాతీయ భూమి చట్టం ప్రకారం భూవినియోగం మూడు రకాలు: వ్యవసాయం, భవనాలు, పరిశ్రమ. వ్యవసాయ భూమిని భవనాల భూమిగా మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతించాలి, అందుకు సొమ్ము చెల్లించాలి. అనుమతి వచ్చిందంటే అదే నేల ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. చెట్టు నుండి 30 ఏళ్ళలో రాని సొమ్ము అమ్మకంతో ఒక్కసారిగా వస్తుంది. యజమాని లెక్క ఇది. ఈ లెక్కలో పనివాడి ఇల్లు లేదు.

4. ఒక కుటుంబం కథ

మా నాన్నగారు ఒకే తోటలో 27 సంవత్సరాలు పాలు తీశారు. తెల్లవారకముందే పెరట్టు, అనగా హాజరు పిలుపు. చల్లని వేళలోనే పాలు బాగా కారుతాయి కనుక నుదుట దీపం కట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగేవారు. వాన పడితే పని లేదు, ఆ రోజు కూలి లేదు.

మేమున్న లైను ఇల్లు మాది కాదు. పని ఉన్నంత కాలమే ఇల్లు. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుతున్న సంవత్సరం, తోట అమ్ముడుపోయిందని ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు. ఆ ఒక్క కాగితంతో నాన్నగారికి పనీ పోయింది, ఇల్లూ పోయింది. “నేను ఇక్కడే పుట్టాను” అని ఆయన ఆఫీసులో చెప్పారు. “ఇల్లు నీదని చెప్పే కాగితం ఉన్నదా?” అని అడిగారు. ఆయన దగ్గర లేదు. కొంత పరిహారం ఇచ్చారు, కాని అది ఇంకొక ఇంటికి చాలలేదు. తక్కువ ధరకు ఇళ్ళు ఇస్తామన్నారు. మాకు అవి రాలేదు. చివరకు ఒక ఫ్లాటులో అద్దెకు చేరాము.

మా వరుసలో 12 ఇళ్ళు ఉండేవి. వాటిలో 7 ఇళ్ళలో తెలుగు మాట్లాడేవారు. సాయంత్రం కుళాయి దగ్గర ఆడవారు బిందెలు పెట్టుకుని మాట్లాడుకునేది తెలుగులోనే. నేను తెలుగు నేర్చినది అక్కడే. మాకు ఏ తరగతీ లేదు. తోట పోయాక ఆ 7 కుటుంబాలు 5 చోట్లకు చెదిరిపోయాయి. ఫ్లాటులో మా నాయనమ్మను తెలుగులో పలకరించే పొరుగువారు లేరు. నేను సెలవులకు ఇంటికి వస్తే ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాత మాటలే తిరిగి తిరిగి చెప్పేది. “నీతో మాట్లాడకపోతే నోరు మరచిపోతుందిరా” అనేది.

భూమి రకం మారినప్పుడు కాగితం మీద మారేది ఒక మాటే. నేల మీద మాత్రం పని, ఇల్లు, ఇరుగుపొరుగు, భాష అన్నీ కదిలిపోతాయి. మీకు తెలుగు తరగతి ఎందుకు అవసరమయిందో ఇప్పుడు తెలిసిందా?

5. నీటికి దారి ఏది?

తోటలో వాన పడితే నేల కొంత నీటిని పీల్చుకుంటుంది. మిగిలినది నెమ్మదిగా కాలువ చేరుతుంది. అదే నేల తారుతో, కాంక్రీటుతో కప్పబడితే నీరు ఒక్క పరుగున కాలువలోకి, నదిలోకి పోతుంది. నది ఒడ్డున పల్లపు నేలలో ఇళ్ళుంటే నీరు వాటిలోకి వస్తుంది. కౌలాలంపూర్ నడిబొడ్డు మునగకుండా 2007లో 9.7 కిలోమీటర్ల పొడవైన ‘స్మార్ట్’ సొరంగాన్ని ప్రారంభించారు. అయినా 2021 డిసెంబరులో కురిసిన భారీ వర్షాలకు షా ఆలంలోని తామాన్ శ్రీ ముడాలో వేలాది ఇళ్ళు నీట మునిగాయి. అంత వాన పడితే ఏ నేలైనా తట్టుకోవడం కష్టమే. కాని నీరు ఇంకే నేల తగ్గినకొద్దీ కష్టం పెరుగుతుంది.

6. మనం ఏమి అనుకోవాలి?

పట్టణం చెడ్డదని నేను చెప్పడం లేదు. నేను ఉంటున్నది కూడా ఒక తామాన్‌లోనే. మీ తల్లిదండ్రులు కష్టపడి కొన్న ఇల్లు వారి శ్రమకు ఫలం. తోటలో పిల్లలు ఎందరో చదువు మధ్యలో మాని పాల బకెట్టు పట్టుకున్నారు. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరను. కాని ఒక భూమిని మార్చే ముందు, దానిపై బ్రతుకుతున్నవారికి ఇల్లు, బడి ఎక్కడ అన్నది మొదట తేలాలి. రేపు మీలో ఎవరైనా ఇంజనీరు, అధికారి, ఇళ్ళు కట్టే వ్యాపారి కావచ్చు. ఆనాడు ఈ ప్రశ్నను అడగడం మరువకండి.

మొదటి ప్రశ్నకు సమాధానం ఇదీ: తోటలు పోయినప్పుడు కొన్ని పాఠశాలలు కొత్త పట్టణాలకు తరలాయి, కొన్ని ఉన్నచోటే నిలిచాయి. రెండు విధాలా అవి పాత పేరును విడువలేదు. అందువల్లనే ఆ తోట ఒకటి ఉండేదని మనకు తెలుస్తున్నది.

కొత్త మాటలు

కంగాణీ: తోటకు కూలీలను తెచ్చి పని చేయించే పెద్ద
లైను ఇల్లు: వరుసగా కట్టిన కూలీల ఇల్లు
పొలిమేర: ఊరి సరిహద్దు
దిగుబడి: పంట వలన లభించే రాశి
పరిహారం: నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము

ప్రశ్నలు

1. రబ్బరు తోట యజమాని భూమిని అమ్మాలా వద్దా అని ఎప్పుడు ఆలోచిస్తాడు? ఎందుకు?
2. తోట అమ్ముడుపోతే పనివారికి పనితోపాటు ఇల్లు కూడా ఎందుకు పోయింది?
3. “కాగితం ఉన్నదా?” అన్న ప్రశ్న న్యాయమైనదేనా? మీ అభిప్రాయాన్ని ఐదు వాక్యాలలో రాయండి.

చేయవలసిన పని

మీ తాతగారిని, అమ్మమ్మను లేక నాయనమ్మను అడగండి: “మీరు ఏ తోటలో ఉండేవారు? ఇప్పుడు అక్కడ ఏముంది?” వారు చెప్పిన తోట పేరును, అక్కడ విన్న 5 తెలుగు మాటలను రాసుకుని రండి. వచ్చే శనివారం వాటన్నింటినీ ఒక పటం మీద గుర్తిద్దాం.