ఒంటికి నీరు పట్టినవారి మాత్రలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన జాగ్రత్తలు

కాళ్లు ఉబ్బుట, ఒంటికి నీరు పట్టుట తరచు గుండె, కాలేయము, మూత్రపిండములలో ఏదో ఒకటి దెబ్బతిన్నదనుటకు గుర్తు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరును నమ్ముకొని బ్రతుకు కుటుంబములకు ఉప్పుచేప అలవాటైన ఆహారము. అట్టి రోగులలో అధికమైన ఉప్పు నీటిని మరింత నిలుపును. కనుక చికిత్సలో మొదటి మెట్టు ఉప్పు తగ్గించుట.

నీరు తీయు మాత్రలన్నియు ఒక తీరువి కావు. ఫ్యూరోసెమైడ్ వంటివి నీటితోపాటు పొటాషియం అను లవణమును కూడ బయటికి పంపును. స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్, అమిలోరైడ్ అనునవి నీటిని పంపి పొటాషియంను శరీరముననే ఉంచును. ఈ రెండవ తెగ మందులలో మేలు గొప్పది. గుండె తీవ్రముగా బలహీనపడినవారిలో స్పైరనోలాక్టోన్ మరణములను నూటికి 30 వంతున తగ్గించినదని 1999లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెలిపినది. అటుపిమ్మట కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున ఈ మందు వాడుక ఒక్కసారిగా పెరిగినది. దానితోపాటు పొటాషియం హెచ్చి ఆసుపత్రి పాలైనవారును, మరణించినవారును పెరిగిరి. మందు ఒక్కటే, జాగ్రత్తనుబట్టి ఫలితము మారును.

రక్తమున పొటాషియం లీటరుకు 3.5 నుండి 5 మిల్లీమోల్ వరకు ఉండవలెను. మిక్కిలి హెచ్చినచో గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. ముందుగా ఏ బాధయు తెలియకపోవచ్చును. కావున రక్తపరీక్షయే శరణ్యము. మందు మొదలిడిన వారమునకు ఒకసారి, నెలకు మరియొకసారి, ఆపైన వైద్యుడు చెప్పిన గడువులలో పరీక్ష జరుగవలెను. వేటకు పోయినవారు పలు దినములు కడలిపైననే ఉందురు. మొదటి పరీక్ష కాకుండ బోటు ఎక్కరాదు.

ఈ మాత్రలు వాడువారు పాటింపవలసినవి:

1. కొబ్బరినీరు విరివిగా త్రాగరాదు. అందు పొటాషియం మెండు.
2. సోడియం తక్కువని అమ్ము ఉప్పును వైద్యుని అడుగక వాడరాదు. అందు సోడియంకు బదులు పొటాషియం కలుపుదురు.
3. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను స్వయముగా కొని మ్రింగరాదు.
4. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మాత్రలు వాడుచున్నచో వైద్యునికి తప్పక చెప్పవలెను.
5. వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో మాత్ర వేసికొనవలెనా, ఆపవలెనా అని వెంటనే వైద్యుని అడుగవలెను.
6. కండరముల నీరసము, గుండె దడ, సొమ్మసిల్లుట కనిపించినచో 108 వాహనమున ఆసుపత్రికి చేర్చవలెను.

ఇతర దినములలో వాపు తగ్గినదని మాత్రను తమంతట తాము మానరాదు; ఒకరి మాత్రను మరియొకరికి ఈయరాదు.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధము కలదు. మనుషులు ఇంటిపట్టున ఉందురు. ఎండలు మండును, కొబ్బరినీటి వాడుక హెచ్చును. అపాయము పెరుగు కాలమును, పరీక్షకు వీలైన కాలమును అదియే. ఆ దినములలో ఆశా కార్యకర్తల ద్వారా మాత్రలు వాడువారి జాబితా వ్రాయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యునితో ఆలోచించి రక్తపరీక్షకు ఏర్పాటు చేయింపవలసినదిగా తీరగ్రామముల పంచాయతీ సభ్యులను మేము కోరుచున్నాము.