కంది కట్టె బొగ్గు - నేలకు బలం

తాండూరు పేరు చెప్పగానే ఎవరికైనా రెండు వస్తువులు గుర్తుకు వస్తాయి. ఒకటి నాపరాయి, రెండోది కందిపప్పు. ఇక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పెద్దేముల్ చుట్టుపక్కల చేలలో కంది కోత ముగిశాక గింజ ఇంటికి చేరుతుంది, పొట్టు పశువులకు పోతుంది. కట్టెలో కొంత పొయ్యికి, కొంత తడకలకు పనికివస్తుంది. మరి మిగిలిన కట్టె ఏమవుతుంది? చాలాచోట్ల దాన్ని చేనులోనే కుప్పవేసి నిప్పు పెడతారు. కాసేపటికి మిగిలేది కొద్దిపాటి బూడిదే.

ఆ నిప్పులో పోయిందెంతో లెక్క కట్టి చూద్దాం. ఎండిన కట్టె బరువులో దాదాపు 45 శాతం కార్బన్. అంటే 100 కిలోల కట్టెలో 45 కిలోలు. ఇది నేల నుంచి వచ్చింది కాదు. కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్క గాలి నుంచి తీసుకున్నది. 12 కిలోల కార్బన్ పూర్తిగా మండితే 44 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ తయారవుతుంది. కాబట్టి 45 కిలోలు మండితే 165 కిలోల వాయువు తిరిగి గాలిలో కలుస్తుంది. దీనిలో కొంత భాగాన్నైనా నేలలో దాచలేమా? దాచవచ్చు. కట్టెను బూడిద కానివ్వకుండా బొగ్గు దగ్గరే ఆపితే చాలు. ఇలా నేలలో వేయడం కోసం తయారుచేసిన బొగ్గునే బయోచార్ అంటారు.

బొగ్గు ఎలా తయారవుతుంది?

కట్టెను వేడిచేస్తే మొదట అందులోని తేమ ఆవిరవుతుంది. వేడి ఇంకా పెరిగితే మండే వాయువులు, తారు వెలువడతాయి. మనకు కనిపించే మంట ఈ వాయువులదే. అవి వెళ్లిపోయాక మిగిలేది బొగ్గు. దానికి గాలి తగిలితే అది కూడా మండి బూడిదవుతుంది, గాలి తగలకపోతే బొగ్గుగానే ఉండిపోతుంది. మీరు పాఠంలో చదివిన విధ్వంసక స్వేదనం ఇదే.

100 కిలోల ఎండు కట్టె నుంచి సుమారు 25 కిలోల బొగ్గు వస్తుందనుకుందాం. అందులో 18 కిలోల వరకు కార్బన్ ఉంటుంది. అంటే 66 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి పోకుండా ఆగిందన్నమాట. నేలలో వేసిన ఆకు, పేడ మన ఎండలకు కొన్నేళ్లలోనే కుళ్లి తరిగిపోతాయి. బొగ్గులో ఎక్కువ భాగం వందల ఏళ్లు నిలుస్తుంది.

అమెజాన్ నల్లమట్టి

ఈ సంగతి మనుషులకు కొత్తది కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవుల్లో కుండపోత వానలకు పోషకాలు కొట్టుకుపోయి నేల సారహీనంగా ఉంటుంది. అయితే అక్కడక్కడ మాత్రం నల్లని, సారవంతమైన మట్టి కనిపిస్తుంది. దాన్ని 'టెర్రా ప్రేటా' అంటారు; పోర్చుగీసు భాషలో నల్లమట్టి అని అర్థం. డచ్చి నేలల శాస్త్రజ్ఞుడు విం సోంబ్రోక్ 1966లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఆ మట్టిలో బొగ్గుతోపాటు ఎముకలు, కుండపెంకులు, ఇంటి చెత్త ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ నివసించిన ప్రజల వల్ల ఏర్పడిన మట్టి అది. ఒక్క బొగ్గుతోనే ఆ నేల బాగుపడలేదని, బొగ్గు, ఎరువు కలిసి ఆ పని చేశాయని గమనించండి.

మన దగ్గర హైదరాబాదు సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఈ విషయంపై కృషి చేసింది. మొక్కజొన్న, ఆముదం, పత్తి, కంది కట్టెలను బొగ్గుగా మార్చేందుకు ఇనుప డ్రమ్ముతో ఒక చిన్న బట్టీని రూపొందించింది.

బొగ్గు నేలలో ఏం చేస్తుంది?

బొగ్గు ముక్కను భూతద్దంతో చూడండి. మొక్క కాండంలో నీరు ప్రవహించిన గొట్టాలు సన్నని రంధ్రాలుగా మిగిలి ఉంటాయి. కంటికి కనిపించని రంధ్రాలు ఇంకా ఎన్నో. మంచి బొగ్గు ఒక్క గ్రాములో ఈ రంధ్రాల గోడలన్నీ పరిస్తే వంద చదరపు మీటర్లకు మించవచ్చు. అక్కడ నీరు, పోషకాలు నిలుస్తాయి, సూక్ష్మజీవులకు చోటు దొరుకుతుంది. నీరు త్వరగా జారిపోయే ఎర్ర చెలకల్లో, ఇసుక నేలల్లో ఈ మేలు ఎక్కువ.

అయితే పచ్చి బొగ్గును నేరుగా వేయకూడదు. అది మట్టిలోని నత్రజనిని తన దగ్గరే పట్టి ఉంచి, మొక్కకు కొంతకాలం కొరత కలిగించవచ్చు. ముందుగా పేడనీళ్లలో, పశువుల మూత్రంలో నానబెట్టి, పెంటఎరువుతో కలిపి రెండు మూడు వారాలు ఉంచాలి.

మరో జాగ్రత్త ఉంది. బొగ్గుకు సాధారణంగా క్షారగుణం ఉంటుంది. నాపరాయి అంటే సున్నపురాయే. ఆ రాయి ఉన్న చోట మట్టిలో ముందే సున్నం ఉండవచ్చు. అటువంటి మట్టిలో బొగ్గు ఎక్కువైతే ఇనుము, జింకు మొక్కకు అందడం తగ్గి ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అందుచేత ముందుగా మట్టిని పరీక్షించాలి. ఉపాధ్యాయుని సమక్షంలో పొడిమట్టిపై నాలుగు చుక్కల సజల హైడ్రోక్లోరికామ్లం వేయండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్లే. అక్కడ బొగ్గు వేయకపోవడమే మంచిది.

చేసి చూడండి

పెద్దవారి సాయంతో ఖాళీ స్థలంలో మోకాలి లోతున, పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండే గుంత తవ్వండి. అడుగున కొద్దిగా ఎండు కట్టె వేసి ముట్టించండి. కట్టెపై తెల్లని బూడిద కనపడటం మొదలవగానే మరో పొర వేయండి. పై మంట గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కనుక కింది బొగ్గు మండదు. గుంత నిండాక పూర్తిగా చల్లారే వరకు నీళ్లు పోయండి. నాపరాళ్లు పరచిన చోట మంట పెట్టకండి. వేడికి రాయి చిట్లి ఎగిరిపడవచ్చు. బొగ్గును తడిగా ఉన్నప్పుడే నలగ్గొడితే దుమ్ము ముక్కులోకి పోదు. దీనికోసం చెట్లు నరకవద్దు. పొయ్యికి, పశువులకు అవసరమైనది తీసుకోవద్దు. మిగులు కట్టె, సర్కారు తుమ్మ కంప చాలు.

ఇప్పుడు ఒకే పరిమాణం గల మూడు కుండీలు తీసుకోండి. మొదటి దానిలో పది దోసిళ్ల మట్టి, ఒక దోసిలి పెంటఎరువు వేయండి. రెండో దానిలో వీటికి ఒక దోసిలి పచ్చి బొగ్గు కలపండి. మూడో దానిలో అదే ఎరువుతో ముందుగా నానబెట్టి ఉంచిన బొగ్గు కలపండి. మూడింటిలో మెంతులు చల్లి, సమానంగా నీళ్లు పోయండి. అడుగు నుంచి కారిన నీటిని కొలవండి. వారానికోసారి మొక్కల ఎత్తు, ఆకుల రంగు పుస్తకంలో రాసుకోండి. మూడో కుండీయే గెలుస్తుందని ముందే అనుకోకండి. అన్ని నేలల్లో బొగ్గు దిగుబడిని పెంచదు. మీ మట్టి సంగతి మీ కొలతలే తేల్చాలి.

ప్రశ్నలు

1. 200 కిలోల కంది కట్టెను బొగ్గుగా మారిస్తే ఎంత కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి పోకుండా ఆగుతుంది?
2. మూడు కుండీల్లోనూ ఎరువు సమానంగా ఎందుకు ఉండాలి?
3. మీ ఊరిలో ఏ వైపు మట్టి ఆమ్లానికి పొంగుతుంది? పటం గీసి గుర్తించండి.