నల్లరేగడి నుంచి పింగాణీ దాకా: మంట లెక్క నేర్చుకోండి

నకరికల్లు మీదుగా అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు పట్టుకుని ముందుకెళితే పిడుగురాళ్ల వస్తుంది. అక్కడి బట్టీల్లో రాయి సున్నం కావడానికి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. పల్నాడు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఆ వేడి 1,450 దాకా పోతుంది. ఇంత దగ్గరలో ఇన్ని బట్టీలున్నా, మన పిల్లలకు సిరామిక్స్ చదువు గురించి చెప్పేవాళ్లు లేరు.

కుండకూ ప్రమిదకూ చెరువు బంకమట్టి, ఆవంలో 700 నుంచి 900 డిగ్రీల వేడి చాలు. స్టోన్‌వేర్ కప్పుకు 1,200 నుంచి 1,300 కావాలి. పింగాణీకి చీనామట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి దాదాపు 1,300 దగ్గర కాలుస్తారు. ఇనుము ఎక్కువున్న చెరువు మట్టిని అంత వేడిలో పెడితే రూపం చెడి, కరిగి బట్టీ అరకు అతుక్కుంటుంది.

పల్నాడు మట్టితో రెండు చిక్కులున్నాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది. దానికి ఇసుకో ఎర్రమట్టో కలపాలి. రెండోది సున్నపురాయి పలుకులు. ఇవే ఎక్కువ మోసం చేస్తాయి. ఆవం నుంచి కుండ బాగానే వస్తుంది. కానీ లోపల సున్నమైన పలుకు గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, కొన్నాళ్లకు పైన పెచ్చు లేచిపోతుంది. మట్టి మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగిందా, సున్నం ఉన్నట్టే. స్కూలు ల్యాబ్‌లో మాస్టారి ముందు చేసి చూడండి. అలాంటి మట్టిని నీళ్లలో కలిపి సన్న జల్లెడ పట్టాలి.

మీ ఊరి మట్టితో చిన్న పలకలు చేసి ఆవంలో కాల్పించండి. తూచి, ఒక రోజు నానబెట్టి, మళ్లీ తూచండి. 100 గ్రాముల పలక 112 గ్రాములైతే అది 12 శాతం నీరు పీల్చింది. విట్రిఫైడ్ టైల్‌కు ఈ లెక్క 0.5 శాతం దాటకూడదు. ఇలాంటి లెక్కలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చిన కుర్రాడికి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సొంత సరుకు ఉంటుంది.

పది తర్వాత పాలిసెట్ రాసి గూడూరు ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థలో డిప్లొమా చేయొచ్చు. ఇంటర్ తర్వాత జేఈఈతో రూర్కెలా ఎన్‌ఐటీ, వారణాసి ఐఐటీ బీహెచ్‌యూల్లో సిరామిక్ ఇంజినీరింగ్ ఉంది. డిజైన్ మీద మనసుంటే డిగ్రీ అయ్యాక అహ్మదాబాద్ ఎన్‌ఐడీ చూడండి. కొలువులంటే శ్రీకాళహస్తి, సామర్లకోటల టైల్స్ ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. కానీ సిమెంటు బట్టీ లోపల పేర్చే అగ్ని ఇటుకల పని తెలిసినవాళ్ల అవసరం మన పల్నాడు జిల్లాలోనే ఉంది.

కుమ్మరి కుటుంబాల పిల్లలకు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. 18 ఏళ్లు నిండి, పని చేస్తున్నవాళ్లకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తొలి విడతగా 5 శాతం వడ్డీకి లక్ష దాకా రుణం ఇస్తారు. నన్నడిగితే ఆ రుణంలో ముందు వేడి కొలిచే థర్మోకపుల్ కొనమంటాను. దాన్ని ఆవంలో పెట్టి, మంట రంగు చూసి మీ తాతగారు “ఇక చాలు, ఆపు” అన్నప్పుడు మీటరు ఎంత చూపిందో రాసుకోండి.