బోల్టు కూడా ఒక స్ప్రింగే!

పత్తికొండ బజారులో మెకానిక్ మోటారు సైకిల్ ఇంజన్‌ను విప్పి బిగించడం మీరు చూసే వుంటారు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపేది కనెక్టింగ్ రాడ్. చాలా సింగిల్ సిలిండర్ బండ్లలో అది ఒకే ముక్క. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వంటి రెండు సిలిండర్ల బండ్లలో దాని పెద్ద చివర రెండు ముక్కలు. వాటిని కలిపి పట్టుకొనేవి రెండు బోల్టులు.

వాటిపై ఎంత బలం పడుతుంది? ఈ ఇంజన్‌లో పిస్టన్ కదిలే దూరం 67.8 మి.మీ. కనుక క్రాంకు వ్యాసార్ధం 33.9 మి.మీ. నిమిషానికి 7000 చుట్లయితే కోణీయ వేగం సెకనుకు 733 రేడియన్లు. వ్యాసార్ధాన్ని కోణీయ వేగపు వర్గంతో గుణిస్తే, పిస్టన్ పైకొసన వెనుదిరిగేటప్పటి త్వరణానికి కనీస అంచనా వస్తుంది. గురుత్వ త్వరణానికి అది 1800 రెట్లకు పైనే! పిస్టనూ దానితో కదిలే భాగాలూ అరకిలో అనుకొంటే, లాగుడు కనీసం 9,100 న్యూటన్లు. అంటే 25 కిలోల టమోటా పెట్టెలు 37 వేలాడదీసినట్లు! పొగ బయటికి పోయే ఘాతం చివర ఎదురు వత్తిడి వుండదు. ఆ లాగుడంతా బోల్టులే భరించాలి, సెకనుకు 58 సార్లు.

ఎలా భరిస్తాయి? బిగించినపుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. హుక్ సూత్రం ప్రకారం, సాగినకొద్దీ వెనక్కి లాగే బలం పెరిగి రెండు ముక్కలనూ నొక్కి పట్టుకొంటుంది. ఈ నొక్కుడు పిస్టన్ లాగుడు కంటె ఎక్కువగా వున్నంత కాలం అతుకు విడదు; బోల్టులో తన్యత పెద్దగా మారదు. బిగువు చాలకపోతే బోల్టు మాటిమాటికీ సాగి, ముడుచుకొని, లోహం అలసి తెగుతుంది. అప్పుడు రాడ్ ఇంజన్ గోడను చీల్చవచ్చు. చక్రం పట్టేస్తే మనిషి ప్రాణానికే ముప్పు.

గట్టిగా బిగిస్తే చాలదా? చాలదు. పానాపై పెట్టే శ్రమలో సుమారు పదోవంతే బోల్టును సాగదీస్తుంది. మిగిలినది ఘర్షణకే పోతుంది. మరలకు నూనె రాస్తే లెక్క మారిపోతుంది. అందుకే నిపుణుడు తయారీదారు చెప్పిన నూనెనే రాస్తాడు. టార్క్ పానాతో రెండు బోల్టులనూ మార్చి మార్చి, దఫాలుగా బిగిస్తాడు. వీలైన చోట మైక్రోమీటరుతో సాగుదలనే కొలుస్తాడు.

ఆలోచించండి: ఇంజన్ వేగం రెట్టింపయితే లాగుడు ఎన్ని రెట్లవుతుంది?