హువానమ్మ సంగతి

శాన్ హోసే

చిరంజీవి చిట్టికి,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. మీ ఆఫీసులో హిస్పానిక్ వారసత్వ మాసానికి నిన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారని, పొలం కూలీల నాయకుడు సీజర్ చావెజ్ గురించి మాట్లాడదామనుకుంటున్నానని రాశావు. ఆయన గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. ఆయన మంచిచెడ్డలు తూచే పని చరిత్రకారులు చూసుకుంటారు. నువ్వు వాళ్లమ్మ గురించి చెప్పు. పేరు హువానా ఎస్ట్రాడా చావెజ్. నేను మాత్రం హువానమ్మ అనే అనుకుంటాను.

మెక్సికోలో చివావా రాష్ట్రంలో 1892లో పుట్టిందావిడ. చంటిపిల్లగా ఉండగానే వాళ్లమ్మ ఎత్తుకుని ఇవతలికి వచ్చేసింది. నీ వీసా ఫైలు బరువు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో ఆ సరిహద్దు దగ్గర మెక్సికో వాళ్లని ఆపి అడిగే నాథుడే లేడనాలి. బోర్డర్ పట్రోల్ పెట్టింది 1924లో. హువానమ్మకి లిబ్రాడో చావెజ్‌తో పెళ్లయింది కూడా ఆ ఏడే. అప్పటికి ఆవిడకి ముప్ఫై దాటాయి.

కాపురం అరిజోనాలో, యూమా దగ్గర గీలా నది లోయలో. మామగారు చెమటోడ్చి నిలబెట్టిన పొలం, మట్టి ఇటుకల ఇల్లు, మొగుడికో కిరాణా కొట్టు. అక్కడే 1927లో సీజర్ పుట్టాడు. 1929 తర్వాత మాంద్యం వచ్చిపడింది. చుట్టాలకీ ఊళ్లో వాళ్లకీ అరువిచ్చి లిబ్రాడో కొట్టు పోగొట్టుకున్నాడు. ఇంటికి ఆధారం ఇక పొలమొక్కటే.

ఇప్పుడు నువ్వు చెప్పాల్సిన అసలు ముచ్చట. హువానమ్మకి పునీత ఎదువీహెస్ అంటే గురి. ఆ పునీతురాలు మధ్యయుగాల నాటి ప్రభువుల ఇంటి కోడలు, తనకున్నది పేదలకి పెట్టిన మనిషి. ఆవిడ పండగ అక్టోబరులో వస్తుంది. మనమైతే పండగనాడు చుట్టాల్ని పిలుస్తాం. హువానమ్మ పిల్లల్ని రోడ్డు మీదికి పంపేది, పని లేక దేశం పట్టుకు తిరిగేవాడు ఎవడైనా కనిపిస్తే భోజనానికి తీసుకురమ్మని. మాంద్యం కాలం కదా, అలాంటివాళ్లకి కొదవేముంది? ఇంట్లో ఉన్నవి చిక్కుడు గింజలూ రొట్టెలే అయినా వచ్చినవాడికి పెట్టాల్సిందే. తిన్నందుకు కట్టెలు కొట్టమనో, నీళ్లు తోడమనో అడిగేది కాదు. చిట్టీ, జాలితో పెట్టడం మనందరికీ చేతనవుతుంది. తిన్నవాడు తలెత్తుకుని గుమ్మం దిగేలా పెట్టడం ఎంతమందికి చేతనవుతుంది? చదువు రాని ఆవిడకి అది తెలుసు. చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆకులూ పూలూ కాచి కషాయాలిచ్చేది కూడా.

1939లో పన్ను బకాయి కింద పొలం వేలానికి పోయింది. ఉన్న సామాను కారుకెత్తి, పిల్లల్ని కుక్కి కాలిఫోర్నియా దారి పట్టారు. ఆ దశాబ్దంలోనే మెక్సికన్లని రైళ్లెక్కించి సరిహద్దు అవతలకి పంపేశారు, వాళ్లలో ఇక్కడే పుట్టినవాళ్లు ఎంతమందో! ఈ మాట మీ ఆఫీసులో చెప్పడానికి మొహమాటపడకు.

కాలిఫోర్నియాలో బటానీలు, వాల్‌నట్లు, పత్తి, ద్రాక్ష, ఏ పంట కోతకొస్తే అక్కడికి. ఆక్స్‌నార్డ్‌లో ఒక చలికాలమంతా గుడారంలోనే గడిపారు. వాన, పొగమంచు, పిల్లల బూట్లు తడిసి ముద్ద. ఆ క్యాంపుల్లో ఆడకూలీల రోజు ఎలా ఉండేదో కాస్త ఊహించు. తెల్లవారకముందే లేచి ఆ పూటకి రొట్టెలు చెయ్యాలి, మగవాళ్లతో సమానంగా చేలో వంగాలి, సాయంత్రం మళ్లీ పొయ్యి, ఉతుకు. కూలి లెక్కల్లో మాత్రం చేలో పనే రాసేవారు.

పొట్టి పార అని ఒకటుండేది. పిడి జానెడో, మహా అయితే మూరెడో. షుగర్ బీట్, లెట్యూస్ చేలల్లో ఒత్తు మొక్కలు తీసెయ్యడానికి దాన్నే ఇచ్చేవారు. దాంతో పని చెయ్యాలంటే పొద్దుగూకేదాకా నడుం రెండుగా మడిచి ఉండాల్సిందే. నిలబడితే పని ఆపేశారని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోయేది, వాళ్లకి కావలసిందీ అదే. దాన్ని కాలిఫోర్నియా నిషేధించేసరికి 1975 అయింది. అప్పటికి ఎన్ని వేల నడుములు పోయాయో!

ఒకసారి ఫ్రెస్నో దగ్గర ద్రాక్ష తోటల్లో ఒక కాంట్రాక్టరు, కంపెనీ డబ్బు రాగానే మొత్తం ఇస్తానని ఏడు వారాలు పని చేయించుకున్నాడు. ఒకనాడు చూస్తే మనిషి పత్తా లేడు. ఎక్కడ చెప్పుకోవాలి? కార్మికులకి సంఘం పెట్టుకునే హక్కిచ్చిన 1935 చట్టం పొలం కూలీల్ని పక్కన పెట్టేసింది. హువానమ్మ ఇంటివాళ్ల దగ్గర ఉన్న ఆయుధమల్లా ఒకటే. మేస్త్రీ ఎవరినైనా అవమానిస్తే, తమవాళ్లే కానక్కర్లేదు, బుట్టలు దించి ఇంటిల్లిపాదీ చేను వదిలి వెళ్లిపోయేవారు. మర్నాటికి తిండి ఎలాగన్నది తర్వాతి మాట.

పిల్లల చదువు సంగతి చెప్పక్కర్లేదు. ఊరు మారినప్పుడల్లా బడి మారాలి. సీజర్ ముప్ఫైకి పైగా బడులు చూశాడంటారు. 1942లో తండ్రికి కారు ప్రమాదం జరిగితే, అమ్మ చేలోకి వెళ్లకూడదని ఎనిమిదో తరగతితో చదువు చాలించాడు. దీన్ని త్యాగమని పొగడబుద్ధి కాదు నాకు. ఒకళ్ల నడుం కోసం ఇంకొకళ్ల చదువు తాకట్టు పెట్టాల్సిరావడం ఎవరికీ రాకూడని గతి.

గాంధీగారి ప్రస్తావన ఎవరో ఒకరు తెస్తారు, సిద్ధంగా ఉండు. సీజర్ గాంధీని చదివినమాట నిజమే, 1968లో అహింస కోసం 25 రోజులు ఉపవాసమూ చేశాడు. కానీ అహింస మొదట నేర్చుకున్నది అమ్మ దగ్గరేనని ఆయనే చెప్పుకున్నాడు. మగపిల్లాడు దెబ్బలాటకి దిగకపోతే పిరికివాడనే చోట, ఎవడైనా కయ్యానికి వస్తే తప్పుకుని వచ్చెయ్యమని సామెతలు చెప్పి మరీ పెంచిందావిడ.

చివరికి ఈ శాన్ హోసేలోనే, తూర్పు వైపు సాల్ సీ ప్వేదెస్ అనే పేటలో స్థిరపడ్డారు. వీధులకి సరైన మురుగు కాలవ కూడా లేని పేట అప్పట్లో. పేటల్లో జనాన్ని కూడగట్టే ఫ్రెడ్ రాస్ 1952లో సీజర్‌ని వెతుక్కుంటూ వచ్చింది ఈ వాడకే. 1965 డెలానో ద్రాక్ష సమ్మె, ఆ తర్వాతి కథ నీకు గూగుల్లో దొరుకుతుంది. హువానమ్మ 1991 డిసెంబరులో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయింది. అంత్యక్రియల్లో కొడుకే లేచి ఆవిడ గురించి మాట్లాడాడు. పదహారు నెలలకి తనూ పోయాడు.

ఇదంతా పది నిమిషాల్లో పట్టదు, నాకు తెలుసు. పండగ భోజనం, పొట్టి పార, ఈ రెండూ మాత్రం వదలకు. ఫోటోలు పెట్టేట్టయితే సీజర్‌ది ఒక్కటి చాలు, అందరూ చూసిందే. ఈసారి ఇక్కడికి వచ్చినప్పుడు గ్వాడలూప్ మాత గుడికి తీసుకెళ్తాను, మనింటి నుంచి పావుగంట. అక్కడి మెక్‌డానెల్ హాలులోనే సీజర్ తొలి సమావేశాలు కొన్ని జరిగాయి. ఆదివారం పెట్టుకోకు, పార్కింగు దొరకదు. మాట్లాడటం అయ్యాక ఎలా జరిగిందో ఫోన్ చెయ్యి. మీ అమ్మతో గోంగూర పచ్చడి సంగతి నేను మర్చిపోలేదని చెప్పు.

నీ
పెద్దమ్మ