కోరా బట్ట – కొలత లెక్క

రంజాన్ మాసంలో పత్తర్‌గట్టీ దుకాణాలలో నూలు బట్ట కొని తెచ్చిన వారికి అనుభవజ్ఞుడైన దర్జీ చెప్పే మాట ఒకటే: "ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి తీసుకురండి."

ఈ మాట వెనుక శాస్త్రమున్నది. మగ్గం మీద పడుగు నూలు బిగువుగా లాగబడి ఉంటుంది. తడి తగలగానే నూలు ఉబ్బి, బిగువు సడలి, బట్ట కుదించుకొంటుంది. అందుచేతనే సాధారణంగా వెడల్పు కంటె పొడవు అధికంగా తగ్గుతుంది.

యువకులు మెచ్చే కోరా డెనిమ్ జీన్సుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. అమెరికా దేశస్థుడు శాన్‌ఫర్డ్ క్లూయెట్ పేటెంటు పొందిన పద్ధతిలో ముందే కుదించిన బట్ట, ఆ పిదప స్వల్పంగానే తగ్గుతుంది. అట్లు కుదించని డెనిమ్ నూటికి 10 వంతుల వరకు తగ్గవచ్చును.

ఇక లెక్క చూద్దాం. కాలి లోవైపు పొడవు 30 అంగుళాలు కావలెననుకొందాం. 30కి పదోవంతు చేర్చి 33 కొంటే చాలునని పలువురు భ్రమపడతారు. కాని 33లో పదోవంతు పోగా మిగిలేది 29.7 మాత్రమే! 30ని 0.9తో భాగించవలె, 33.3 వస్తుంది. కనుక 34 కొనుట క్షేమం. ఉతికిన పిదపనే, మిగులును మడిచి కుట్టించుకోవలె. నడుము భాగం ధరించేకొద్దీ కొంత సాగుతుంది గనుక అక్కడ ఇంత అదనం అక్కరలేదు.

విద్యార్థులారా! గుణం తెలియని బట్ట మీద నిలువునా, అడ్డంగా 10 అంగుళాల గుర్తులు పెట్టి, ఉతికి, ఆరిన తరువాత కొలిచి చూడండి. తల్లిదండ్రులు పైసా పైసా కూడబెట్టి కొనిపెట్టిన పండుగ దుస్తులు ఒక్క ఉతుకుతో తమ్ముడి పాలు కారాదు కదా!